లీకయ్యే గుండె వాల్వ్‌ను క్యాథెటర్‌తో మార్చినప్పుడు వచ్చే చిక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఛాతీ కోయకుండా, సాధారణంగా గజ్జ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టం పంపి, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే ద్వారంలోని అయోర్టిక్ వాల్వ్ మార్చే పద్ధతిని టావీ అంటారు. 2002లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో గుండె వైద్యుడు ఆలెన్ క్రిబియే దీన్ని మొదటిసారి మనిషికి చేశారు. అది ఇరుకైపోయిన వాల్వ్‌ కోసం పుట్టిన పద్ధతి. లీకయ్యే వాల్వ్‌కు అదే పద్ధతి వాడితే చిక్కుల తీరు మారిపోతుంది. ఈ పేజీలో ఎక్కువ భాగం అయోర్టిక్ లీకేజీ గురించే ఉంటుంది. గుండె పైగదులకూ కింది గదులకూ మధ్యనుండే మైట్రల్ (ఎడమ), ట్రైకస్పిడ్ (కుడి) వాల్వుల సంగతి చివర్లో వస్తుంది.

ఇరుకైన వాల్వ్‌కు టావీ చేయించుకున్నవాళ్లు రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్లిపోతున్నారు. లీకేజీ అనేసరికి డాక్టర్లు ఎందుకు వెనకాడతారు?

కొత్త వాల్వ్‌కు కుట్లు ఉండవు. అది ఒక లోహపు జాలీ, దాని లోపల జంతువుల గుండెపొరతో చేసిన రెక్కలు. ఆ జాలీ పాత వాల్వ్ గోడను ఒత్తుకుని, ఆ ఒత్తిడితోనే నిలబడాలి. ఇరుకైన వాల్వ్‌లో రెక్కల నిండా సున్నం పేరుకుని ఉంటుంది. అవి రాయిలా గట్టిపడి ఉంటాయి కాబట్టి జాలీకి మంచి పట్టు దొరుకుతుంది. రోగానికి కారణమైన సున్నమే వైద్యానికి ఆధారమవుతుందన్నమాట.

లీకేజీలో ఆ ఆధారం ఉండదు. రెక్కలు మెత్తగా ఉంటాయి, వాల్వ్ చుట్టూ ఉండే వలయం సాగి వెడల్పవుతుంది, చాలామందిలో గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని అయోర్టా మొదలు కూడా ఉబ్బి ఉంటుంది. దానికి తోడు రక్తపు పోటు. లీకేజీ తీవ్రమైతే గుండె ఒక్కో కొట్టుకు బయటికి పంపిన రక్తంలో సగం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, వెనక్కి వచ్చేస్తుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె ప్రతిసారీ చాలా ఎక్కువ రక్తాన్ని తోస్తుంది. అంటే మెత్తటి, వెడల్పాటి చోట పెట్టిన వాల్వ్‌ను రక్తం ఒకసారి ముందుకు తోస్తుంది, మరుక్షణం వెనక్కి లాగుతుంది. కింద చెప్పే చిక్కుల్లో ముఖ్యమైనవన్నీ ఈ పట్టు లేకపోవడం నుంచో, పట్టు కోసం చేసే ప్రయత్నం నుంచో వచ్చేవే.

కొత్త వాల్వ్ జారిపోవడం అంటే ఏమిటి? జారితే ఏం చేస్తారు?

రెండు వైపులా జారవచ్చు. పైకి, అంటే అయోర్టాలోకి వెళితే కొంత నయం. గొట్టానికి ఆధారంగా ఉండే లోపలి వైరు తియ్యకుండా ఉంచితే వాల్వ్ తలకిందులు కాదు. ఉచ్చులాంటి వైరుతో దాన్ని పట్టి, మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలకు అడ్డం రాని చోట నిలిపి, సరైన చోట రెండో వాల్వ్ పెడతారు. కిందికి, అంటే గుండె ఎడమ కింది గది అయిన ఎడమ జఠరికలోకి పడితే పరిస్థితి చాలా ప్రమాదకరం. చాలాసార్లు అప్పటికప్పుడు ఛాతీ తెరవాల్సి వస్తుంది. ఇంకో రకం ఉంది: పూర్తిగా పడిపోదు కానీ కొన్ని మిల్లీమీటర్లు కిందికి దిగి, దాని అంచు పైనుంచి లీక్ కొనసాగుతుంది. అప్పుడూ రెండో వాల్వే గతి.

ఇది ఎంత తరచుగా జరుగుతుంది? ఇరుకైన వాల్వ్ కోసం తయారైన టావీ వాల్వుల్ని లీకేజీకి వాడిన 331 మంది వివరాలు 2017లో ప్రచురించారు. పాత తరం వాల్వులు పెట్టినవారిలో 24.4 శాతం మందికి, కొత్త తరం వాల్వులు పెట్టినవారిలో 12.7 శాతం మందికి అదే పూట రెండో వాల్వ్ పెట్టాల్సి వచ్చింది. మెరుగుదల ఉంది, అయినా ఎనిమిది మందిలో ఒకరు చిన్న సంఖ్య కాదు.

జారడం ఎక్కువగా వాల్వ్‌ను విడిచే ఆ కొద్ది సెకన్లలోనే జరుగుతుంది. అందుకే ఆ సమయంలో తాత్కాలిక పేస్‌మేకర్ తీగతో గుండెను నిమిషానికి 180–200 సార్లు కొట్టిస్తారు. అంత వేగంలో గుండె రక్తాన్ని సరిగా తోయలేదు కాబట్టి వాల్వ్ కదలకుండా ఉంటుంది. మానిటర్ మీద పోటు గీత దాదాపు చదునవుతుంది, వాల్వ్ తెరుచుకున్నాక మళ్లీ లేస్తుంది. అప్పుడు చూడాల్సింది కింది బీపీ. ముందు 40, 45 దగ్గర ఉన్నది ఒక్కసారిగా 60 దాటి నిలబడితే వాల్వ్ పని చేస్తోందని అర్థం. లేచినట్టే లేచి మళ్లీ జారిపోతుంటే వాల్వ్ కూడా జారుతోందేమోనని ఎకోలో వెంటనే చూస్తారు.

అయితే పెద్ద సైజు వాల్వ్ పెడితే సరిపోదా?

కొంతవరకు అదే చేస్తారు. బెలూన్‌తో విప్పే వాల్వులను లీకేజీలో కొలత కంటే 15–20 శాతం పెద్దవి ఎంచుకోవడం మామూలు. కానీ రెండు అడ్డంకులున్నాయి. మొదటిది, సైజులకు హద్దు ఉంది. ఎవొల్యూట్ అనే టావీ వాల్వ్‌లో అన్నిటికన్నా పెద్దది 34 మి.మీ., అది 30 మి.మీ. వరకు ఉన్న వలయానికే పనికొస్తుంది. లీకేజీలో వలయం ఆ హద్దు దాటడం అరుదేమీ కాదు. మైవాల్ అనే ఇంకో వాల్వ్‌లో 30.5, 32 మి.మీ. సైజులు ఉండటంతో కొన్నిచోట్ల దాన్ని ఎంచుకుంటారు. రెండోది, ఎంత గట్టిగా ఒత్తితే పక్కనే ఉన్న, గుండెను కొట్టించే కరెంటు దారి అంత నలుగుతుంది. జారకుండా చూసుకోబోతే పేస్‌మేకర్ దగ్గర తేలుతుంది.

కొలతంతా సీటీ స్కాన్ మీదే ఆధారపడుతుంది. గుండె కొట్టుకునే లయతో కలిపి తీసిన సీటీ కావాలి. లీకేజీ ఉన్నవారిలో వలయం గుండె ముడుచుకున్నప్పుడు, వదులైనప్పుడు బాగా తేడాగా ఉంటుంది, సరైన క్షణంలో కొలవకపోతే చిన్న వాల్వ్ ఎంచుకునే పొరపాటు జరుగుతుంది. ఎకో కొలత ఒక్కటే చూసి సైజు తేల్చడం సరికాదు.

లీకేజీ కోసమే తయారైన వాల్వులు లేవా?

ఉన్నాయి. జెనావాల్వ్ కంపెనీ ట్రిలజీ వాల్వ్‌కు అయోర్టిక్ లీకేజీ కోసం 2021లో యూరప్ అనుమతి వచ్చింది. దానికి మూడు కొక్కేల్లాంటి భాగాలుంటాయి. ముందు ఆ మూడింటిని అయోర్టాలో విప్పి, గొట్టాన్ని తిప్పుతూ పాత వాల్వ్ రెక్కల వెనకున్న మూడు జేబుల్లో ఒక్కొక్కటిగా కూర్చోబెడతారు. తర్వాత జాలీ విచ్చుకున్నప్పుడు పాత రెక్క కొక్కేనికీ జాలీకీ మధ్య క్లిప్పు పెట్టినట్టు ఇరుక్కుంటుంది. సున్నం లేకపోయినా పట్టు దొరుకుతుంది. జె-వాల్వ్ కూడా ఇలాంటి ఆలోచనతోనే తయారైంది.

ట్రిలజీ మీద జరిగిన అలైన్-ఏఆర్ అధ్యయనం 2024లో వెలువడింది. ఓపెన్ ఆపరేషన్‌కు ముప్పు ఎక్కువని తేల్చిన 180 మందిలో 30 రోజుల్లోపు చనిపోయినవారు 2 శాతం, ఏడాదిలోపు సుమారు 8 శాతం. వాల్వ్ పక్కనుంచి చెప్పుకోదగ్గ లీక్ మిగలడం చాలా అరుదు. కానీ కొత్తగా పేస్‌మేకర్ పెట్టించుకున్నవారు 24 శాతం.

కొక్కేలున్నా జాగ్రత్త తప్పదు. ఒక కొక్కెం జేబులో కాకుండా రెండు రెక్కల మధ్య సందులో దిగితే ఆ వైపు పట్టు ఉండదు. మూడు జేబులు ఒకే గీత మీద కనిపించే ఎక్స్‌రే కోణాన్ని ముందే సీటీలో లెక్కగట్టుకోవడం అందుకే. రెండు రెక్కలే ఉన్న పుట్టుక వాల్వుల్లో ఈ పద్ధతి సూటిగా కుదరదు.

వాల్వ్ మార్చడానికి వెళితే పేస్‌మేకర్ ఎందుకు పెడుతున్నారు?

గుండె పైగదుల నుంచి కింది గదులకు కరెంటు తీసుకెళ్లే హిస్ బండిల్ సరిగ్గా అయోర్టిక్ వాల్వ్ కిందే, కుడి జేబుకూ కొరొనరీ (గుండె కండరానికి రక్తమిచ్చే నాళం) లేని జేబుకూ మధ్యనున్న పలచని గోడలో నడుస్తుంది. వాల్వ్ జాలీ కింది అంచు అక్కడ ఒత్తితే దారి వాచిపోతుంది, లేదా తెగిపోతుంది. వాపు అయితే కొద్ది రోజుల్లో తగ్గవచ్చు. తెగితే శాశ్వతం.

ముప్పు ఎవరికి ఎక్కువ? ముందు నుంచే ఈసీజీలో కుడి బండిల్ బ్లాక్ (కుడి వైపు కరెంటు దారి మూసుకుపోవడం) ఉన్నవారికి అందరికంటే ఎక్కువ. వాళ్లలో మిగిలింది ఎడమ దారి ఒక్కటే, దాన్నే వాల్వ్ నొక్కుతుంది. వాల్వ్ లోతుగా దిగినా, మరీ పెద్దదైనా ముప్పు పెరుగుతుంది.

వాల్వ్ పెట్టాక ఈసీజీ రోజూ తీస్తారు. కొత్తగా ఎడమ బండిల్ బ్లాక్ వచ్చి, కరెంటు ఎంతసేపట్లో నడిచిందో ఈసీజీలో చూపే కొలతలైన క్యూఆర్‌ఎస్ 150 మిల్లీసెకన్లు గానీ పీఆర్ 240 మిల్లీసెకన్లు గానీ దాటితే వెంటనే ఇంటికి పంపకూడదు. బ్లాక్ ఆలస్యంగా, డిశ్చార్జి అయ్యాక కూడా రావచ్చు. ఇంటికి వెళ్లిన మొదటి నెలలో కళ్లు తిరిగి పడిపోయినా, పడబోయినట్టు అనిపించినా దాన్ని నీరసమని కొట్టిపారేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు సొంతంగా బండి నడపకూడదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏళ్ల తరబడి లీకైన గుండెలో ఎడమ జఠరిక సాగి, పంపింగ్ తగ్గి ఉంటుంది. అలాంటి గుండెకు మామూలు పేస్‌మేకర్ పెట్టి ఎప్పుడూ కుడి వైపు నుంచే కొట్టిస్తే రెండు వైపుల లయ తప్పి పంపింగ్ ఇంకా దిగజారవచ్చు. పేస్‌మేకర్ తప్పదన్నప్పుడు రెండు జఠరికలనూ కలిపి కొట్టించే రకం, లేదా కరెంటు దారిలోనే తీగ పెట్టే పద్ధతి తగునా అని అడగండి. ఇది అదనపు హంగు అనుకోవద్దు.

వాల్వ్ పెట్టాక కూడా ‘కొంచెం లీక్ ఉంది’ అన్నారు. భయపడాలా?

లీక్ ఎక్కడి నుంచో ముందు తెలియాలి. రెక్కల మధ్య నుంచి సన్నటి లీక్ ఉండి, వైరు తీశాక పోవడం మామూలే. జాలీకీ గోడకూ మధ్య సందులోంచి వచ్చేదే అసలు సమస్య. ఎకోలో ఆ సందు వాల్వ్ చుట్టుకొలతలో 10 శాతంలోపు ఉంటే స్వల్పం, 10–30 మధ్య మోస్తరు, 30 దాటితే తీవ్రం. స్వల్పమైతే చూస్తూ ఊరుకోవచ్చు. మోస్తరు లీక్‌ను అలా వదిలేయకూడదు. అప్పటికే సాగిపోయిన గుండె కాబట్టి కోలుకునే అవకాశం పోతుంది.

వాల్వ్ సరిగా విచ్చుకోకపోతే బెలూన్‌తో మళ్లీ ఒత్తుతారు. చోటు తప్పి ఉంటే లోపలే రెండో వాల్వ్. ఒకే చోట చిన్న సందు ఉంటే కొన్ని వారాల తర్వాత ప్లగ్గుతో మూస్తారు. లీక్ మిగిలినవారిలో గుండె నెమ్మదిగా కొట్టుకోవడం మంచిది కాదు. కొట్టుకీ కొట్టుకీ మధ్య విరామం పెరిగేకొద్దీ వెనక్కి కారే రక్తం పెరుగుతుంది. నాడి తగ్గించే మందులు ముందు నుంచి వాడుతుంటే వాటి మోతాదు గురించి మళ్లీ అడగాలి.

ఇదే కారణంతో, వాల్వ్ మార్చకముందు బీపీ పడిపోతే అయోర్టాలో బెలూన్ పంప్ పెట్టరు. అది గుండె వదులైన క్షణంలో ఉబ్బి రక్తాన్ని మరింతగా వెనక్కి నెడుతుంది.

మూత్రం టీ డికాషన్ రంగులో వస్తోంది. ఇది మందుల వల్లనా?

కాకపోవచ్చు. సన్నటి సందులోంచి రక్తం వేగంగా చిమ్మినప్పుడు ఎర్రకణాలు చితికిపోతాయి. హిమోగ్లోబిన్ తగ్గుతుంది, కణాలు చితికితే రక్తంలోకి వచ్చే ఎల్‌డీహెచ్ పెరుగుతుంది, కళ్లు పచ్చబడవచ్చు. చిత్రం ఏమిటంటే పెద్ద సందు కంటే చిన్న సందే ఈ పని ఎక్కువ చేయవచ్చు. రక్తపరీక్షతో పాటు ఎకో చేయించాలి.

గజ్జ దగ్గర ఏమేం తేడా చేయవచ్చు?

వాల్వ్ ఎక్కించే గొట్టాలు 14 నుంచి 18 ఫ్రెంచ్ వరకు ఉంటాయి. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు, అంటే 4.7 నుంచి 6 మి.మీ. తొడ ధమని లోపలి వెడల్పు 5.5 మి.మీ. కంటే తక్కువైనా, మెలికలు తిరిగినా, సున్నం పట్టినా గోడ చీరుకునే ముప్పు పెరుగుతుంది. చివర్లో ఆ రంధ్రాన్ని సాధారణంగా ముందే వేసి ఉంచిన రెండు కుట్లు బిగించి మూస్తారు. ధమని ముందుగోడ గట్టిగా ఉంటే కుట్టు పట్టదు. అప్పుడు లోపలి నుంచి బెలూన్ ఒత్తిడి, గొట్టం స్టెంటు, అదీ కుదరకపోతే సర్జన్ వచ్చి కుట్టడం.

బయటికి కనిపించే రక్తం కంటే కనిపించనిది ప్రమాదకరం. సూది మరీ పైన గుచ్చుకుంటే రక్తం పొత్తికడుపు వెనక చేరుతుంది. గజ్జ చూడటానికి బాగానే ఉంటుంది, మనిషి మాత్రం ‘నడుము లాగేస్తోంది’ అంటాడు, చెమటలు పడతాయి, బీపీ దిగి నాడి పెరుగుతుంది. పడుకుని ఉండటం వల్ల నడుం నొప్పి అనుకుని తీసిపారేయకండి, వెంటనే నర్సుకు చెప్పండి.

ఇంటికి వచ్చాక మొదటి వారం 5 కిలోలకు మించి బరువు ఎత్తకూడదు, ముక్కకూడదు, దగ్గేటప్పుడు గజ్జ మీద చెయ్యి అదిమి పట్టాలి. రక్తం వస్తే వెంటనే పడుకుని, ఆ చోటుకు కొద్దిగా పైన ఎవరి చేతనైనా గట్టిగా అదిమించాలి. ఎత్తి ఎత్తి చూడకుండా 10 నిమిషాలు. ఆగకపోతే అదిమి పట్టే ఉంచి అంబులెన్స్ పిలవాలి. బఠాణీ గింజంత గడ్డ మామూలు. రోజురోజుకీ పెరుగుతూ నాడిలా కొట్టుకునే గడ్డ మామూలు కాదు, దానికి రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ కావాలి.

పక్షవాతం వస్తుందా?

రావచ్చు. లీకేజీ వాల్వ్‌లో సున్నం తక్కువ కాబట్టి ముక్కలు విరిగి మెదడుకు వెళ్లే ముప్పు కొంత తక్కువే, కానీ అయోర్టా గోడ మీది కొవ్వు, గొట్టాల మీద పుట్టే గడ్డలు ఉంటాయి. అలైన్-ఏఆర్‌లో మనిషిని మంచాన పడేసే స్థాయి పక్షవాతం సుమారు 1 శాతం. ఎక్కువ భాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే వస్తాయి. మూతి వంకర, చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే, చివరిసారి మనిషి బాగున్న సమయం రాసిపెట్టుకోండి. గడ్డను కరిగించాలా, గొట్టంతో లాగేయాలా అన్నది ఆ సమయం మీద ఆధారపడుతుంది.

గుండెకు చిల్లు పడుతుందని విన్నాం. నిజమేనా?

అరుదు, కానీ నిజమే. గొట్టానికి ఆధారంగా ఎడమ జఠరికలో ఒక గట్టి వైరు ఉంచుతారు. దాని కొసను చుట్టగా వంచి ఉంచకపోతే, లేదా వాల్వ్ తోసేటప్పుడు అది ముందుకు కదిలితే కండరాన్ని పొడవగలదు. పేస్‌మేకర్ తాత్కాలిక తీగ కూడా పలచని కుడి జఠరికను పొడవవచ్చు. రక్తం గుండె చుట్టూ చేరి బీపీ పడిపోతే సూదితో తీసేస్తారు. ఆగకపోతే సర్జరీ. కొరొనరీ నాళం మూసుకుపోవడం ఇంకా అరుదు, నాళం మొదలు వలయానికి 10–12 మి.మీ. కంటే దగ్గరగా ఉన్నవారిలో దాన్ని ముందే లెక్కలోకి తీసుకుంటారు.

కిడ్నీలకు ఇబ్బందా?

సీటీకి, ప్రొసీజర్‌కు వాడే రంగు మందు వల్ల క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష అంకె) పెరగవచ్చు. రెండింటికీ మధ్య కొన్ని రోజుల ఎడం ఉంచడం, నొప్పి మాత్రలు మానేయడం సాయపడతాయి.

రక్తం పలచబడే మందులు ఏవి వాడాలి?

వేరే కారణం లేకపోతే ఆస్పిరిన్ 75–100 మి.గ్రా. ఒక్కటే సరిపోతుంది. రెండు మందులు కలిపితే రక్తస్రావం పెరుగుతుంది తప్ప మేలు జరగలేదని 2020 నాటి పాప్యులర్ టావీ అధ్యయనం చూపింది. గుండె దడ, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే దానికి వాడే మందు ఒక్కటే ఉంచుతారు. రెక్కల మీద పలచటి గడ్డ కట్టి అవి బిగుసుకుంటే ఎకోలో వాల్వ్ దగ్గర పోటు తేడా పెరుగుతుంది. సీటీలో గడ్డ ఖాయమైతే కొన్ని నెలలు రక్తం గడ్డకట్టనివ్వని గట్టి మందు ఇస్తారు. పన్ను నొప్పి వచ్చిందనో, ఎక్కడో ఊరు వెళ్లారనో ఏ మందూ సొంతంగా ఆపకండి.

జ్వరం వస్తే?

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటే: రెండు రోజుల జ్వరానికి మందుల షాపులో యాంటీబయోటిక్ కొని వేసుకోవడం. కొత్త వాల్వ్‌కు ఇన్ఫెక్షన్ పట్టి ఉంటే ఆ నాలుగు మాత్రలు క్రిమిని చంపవు, రక్తపరీక్షలో దొరక్కుండా చేస్తాయి. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం తగ్గకపోతే ముందు రక్తం కల్చర్‌కు (క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు) ఇవ్వాలి, కనీసం మూడు సెట్లు, వేర్వేరు చోట్ల నుంచి. తర్వాతే మందు.

పన్ను పీకడం, చిగుళ్లు శుభ్రం చేయడం లాంటి పనులకు 30–60 నిమిషాల ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు ఒక్కసారి తీసుకోవాలి. పెన్సిలిన్ పడనివారు ముందే పళ్ల డాక్టరుకు చెప్పాలి, వాళ్లకు వేరే మందు ఇస్తారు. ఈ జాగ్రత్త జీవితాంతం.

మైట్రల్, ట్రైకస్పిడ్ లీకేజీల్లో చిక్కులు ఇవేనా?

కొన్ని ఇవే, కొన్ని వేరు. మైట్రల్ స్థానంలో కొత్త వాల్వ్ పెడితే దాని జాలీ రక్తం బయటికి వెళ్లే దారిలోకి పొడుచుకొచ్చి అడ్డం పడవచ్చు. సీటీలో మిగిలే దారి ఎంతో ముందే లెక్కగట్టి, చాలకపోతే ఆ మనిషికి పెట్టరు. టెండైన్ లాంటి వాల్వులను గుండె కొస నుంచి ఎక్కిస్తారు కాబట్టి అక్కడ రక్తస్రావం ముప్పు ఉంది. బలహీనమైన గుండె అంతవరకు కొంత రక్తాన్ని తేలికైన దారిలో వెనక్కి వదిలేది. ఒక్కసారిగా ఆ దారి మూసేస్తే మొదటి రోజుల్లో పంపింగ్ ఇంకా తగ్గినట్టు కనిపించవచ్చు.

ట్రైకస్పిడ్‌కు ఎవోక్ వాల్వ్ ఉంది. 400 మందితో చేసిన ట్రైసెండ్-2 అధ్యయనంలో ఏడాదిలో తీవ్ర రక్తస్రావం వాల్వ్ పెట్టినవారిలో 15.4 శాతం, మందులతోనే ఉన్నవారిలో 5.3 శాతం. కొత్త పేస్‌మేకర్ 17.4 శాతానికి ఎదురు 2.3 శాతం. కాలి వాపు, ఆయాసం తగ్గి బతుకు తేలికవడం నిజమే, దానికి ఇచ్చే మూల్యమూ నిజమే.

ఇంతకీ ఓపెన్ ఆపరేషనే మంచిదా?

అయోర్టిక్ లీకేజీ ఒక్కటే ఉండి, ఆపరేషన్ తట్టుకోగల మనిషికి అవును. అలాంటివారికి టావీ చేయకూడదని అమెరికా గుండె వైద్య సంఘాల 2020 మార్గదర్శకాలు నేరుగా చెప్పాయి. సర్జన్ వాల్వ్‌ను కుట్టి పెడతాడు కాబట్టి పట్టు సమస్యే ఉండదు. అయోర్టా ఉబ్బి ఉంటే అదే పూటలో దాన్నీ మార్చవచ్చు, క్యాథెటర్ ఆ పని చేయలేదు. వయసు, ఊపిరితిత్తులు, ముందటి ఆపరేషన్లు, కిడ్నీల వల్ల ఛాతీ తెరవడం కుదరనివారికే టావీ ముందుకు వస్తుంది.

ఒప్పుకునే ముందు ఈ మూడు అడగండి: మీరు పెట్టబోయే వాల్వ్ లీకేజీ కోసం తయారైందా, ఇరుకైన వాల్వ్‌దేనా? సీటీలో వలయం చుట్టుకొలత ఎంత, ఎంచుకున్న సైజు దానికంటే ఎంత పెద్దది? వాల్వ్ జారితే సర్జన్ అదే భవనంలో సిద్ధంగా ఉంటారా? మూడోదానికి స్పష్టమైన జవాబు రాకపోతే ఇంకోచోట అభిప్రాయం తీసుకోండి.

ఇంట్లో దేన్ని గమనించాలి?

ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాసుకోండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. బీపీ రాసేటప్పుడు కింది అంకె వదిలేయకండి. పై అంకె బాగానే ఉండి కింది అంకె వారం వారం 70 నుంచి 60కి, 60 నుంచి 50కి దిగుతుంటే లీక్ మళ్లీ మొదలైందేమో చూడాలి. ఎకో డిశ్చార్జికి ముందు ఒకటి, నెల నిండాక ఒకటి, ఏడాది నిండాక ఒకటి, ఆ తర్వాత ఏటా. మొదటి ఎకో కాగితం జాగ్రత్తగా దాచండి. తర్వాత ఏ తేడా వచ్చినా డాక్టరు ముందు అడిగేది దాన్నే.